కుంకుడు నురుగూ, బుదే తుమ్మూ

సోలో అనే ఊళ్లో సబ్బుపొడి ఎవరింట్లో ఉందో కనిపెట్టడానికి వర్తినా గారి ముక్కు ఒక్కటి చాలు. ఆ పొడితో ఉతికిన బట్ట గడప దాటి వస్తే చాలు, ఆవిడ తుమ్మేది. ఆ తుమ్ముకు వీధి చివర నూడుల్స్ బండి మీద గరిటెలు గలగలలాడేవని చెప్పుకునేవారు.

ఆవిడ ఉతుకు వేరు. ఎండు కుంకుళ్ళు చితక్కొట్టి, గింజలేరి, నానబెట్టి, మరిగించి, వడకట్టి, తెల్లగా నురుగు లేచేదాకా చేత్తో గిలకొట్టాలి. మైనం గీతలు గీసి రంగు ముంచే బాతిక్ బట్టలకు ఆ వీధిలో అందరూ అదే వాడతారు. కానీ ఈవిడ దోమతెరకూ, గుమ్మం ముందు పట్టాకూ కూడా అదే వాడేది. ఒకసారి పోస్ట్‌మన్‌ని పట్టుకుని, "చొక్కా విప్పి ఇయ్యి నాయనా, తుమ్మలేక చస్తున్నాను," అంది. పాపం, ఆ పూట అతను బనీనుతోనే ఉత్తరాలు పంచాడు.

తల్లి పోయాక ఆవిడే పెంచిన చెల్లెలి కూతురు కినాంతి. పెద్దమ్మను వాళ్ల వాడుకలో బుదే అనేది. బుదే తుమ్ములు ఒట్టి నటన అని దాని గట్టి నమ్మకం.

కినాంతికి పెళ్లి కుదిరింది. అమ్మ తన పెళ్లికి కట్టుకున్న బాతిక్కే కట్టుకోవాలని చిన్నప్పటినుంచీ దాని ఆశ. ఉతికే పని తనకు వదిలేయమంది బుదే. పెద్దావిడ మోకాళ్ల నొప్పులు తలుచుకుని జాలిపడి, కినాంతి ఆ బట్టను కొత్త వాషింగ్ మెషీన్లో పడేసి, గుప్పెడు పొడి చల్లింది. డికాక్షన్ రంగు బట్ట పలచటి టీ రంగులో బయటికొచ్చింది. యంత్రానికి అన్ని బొత్తాలున్నాయి, తనకు బుర్ర ఒక్కటీ లేకపోయిందని తల బాదుకుంది.

బుదే గుమ్మంలోనే తుమ్మింది. బట్టను వెలుతురుకు పట్టి చూసింది. ఒక్క తిట్టు తిట్టినా కినాంతికి ప్రాణం కుదుటపడేది. ఆవిడ బట్టను మడిచి కినాంతి చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

అది బాతిక్ వేసేవాళ్ల వీధి. పెళ్లికూతురి ముఖం కంటే ముందు కట్టు చూస్తారు. వెలిసిన బట్టతో వాళ్లందరి మధ్యా నిలబడాలి. తల్లి స్థానంలో కూర్చోవాల్సిన బుదే అసలు వస్తుందో రాదో.

పెళ్లిరోజున బుదే వచ్చింది. కినాంతి దీవెన కోసం మోకరిల్లి ఆవిడ మోకాళ్ల మీద తల ఆనించింది. పైన తుమ్ము. వెంటనే మరొకటి. తన బట్టే కదా కారణమని కినాంతి సిగ్గుతో చచ్చిపోయింది. అంతలో సబ్బుపొడి వాసన ముక్కులో గుప్పుమంది. అది బుదే కట్టులోంచి. పెళ్లికూతురి తల్లులు కట్టే ఆ నల్లటి బాతిక్ కూడా పలచటి టీ రంగులో ఉంది.

"బుదే, మీరు కూడా..."

"నోర్ముయ్ తల్లీ. ఒక్కదానివి కట్టుకుంటే తప్పు. ఇద్దరం కట్టుకుంటే మన ఇంటి ఆనవాయితీ."

కినాంతికి ఏడుపు రావాల్సిన చోట నవ్వొచ్చింది.

భోజనాల దగ్గర పక్కింటావిడ రెండు బట్టలూ మార్చి మార్చి చూసి, ఇంత లేత రంగు ఎలా తెచ్చారని అడిగింది.

"కుంకుళ్ళతోనే," అనబోయి బుదే తుమ్మింది.