చేతులు కట్టుకుని చదవలేను

నాకు అక్షరాలు ఇరవై నాలుగో ఏట వచ్చాయి. అవి కూడా పాటలోంచి వచ్చాయి. రేపల్లె దగ్గర మా ఊళ్లో నాట్లు అయిపోయి కలుపులు మొదలుకాని రోజుల్లో, మధ్యాహ్నంపూట పాస్టరమ్మగారు మా పేట ఆడవాళ్లను గుడిలో కూర్చోబెట్టి చదువు చెప్పేవారు. పలకలు లేవు. పాటల పుస్తకాలు ఉన్నాయి. అందులో పాటలన్నీ మాకు చిన్నప్పటినుంచి నోటికి వచ్చు. ఆవిడ పద్ధతి ఒకటే. పాట పాడుతూ ఉండాలి, పాడుతున్న మాట కింద వేలు నడవాలి. ఏడాది తిరిగేసరికి నా వేలికి తెలివి వచ్చింది. తెలియని మాట దగ్గర కూడా ఆగి కూడబలుక్కోవడం నేర్చింది.

అయితే పాట లేకుండా నాకు చదవడం రాలేదు. బస్సు మీద బోర్డు చదివినా రాగమే, అగ్గిపెట్టె మీద రాత చదివినా రాగమే. ఊళ్లో నవ్వేవాళ్లు. చదువు వచ్చిందన్న పొగరులో నేను పట్టించుకోలేదు.

పంతొమ్మిదివందల అరవైల చివర్లో బాపట్లలో ఒక ఆసుపత్రిలో ఆయాగా చేరాను. వార్డు తుడవడం, పక్కబట్టలు ఉతకడం, రోగుల మలమూత్రాలు ఎత్తడం నా పని. మూడో ఏడు వచ్చేసరికి ఫినాయిలు నీళ్లు నా చేతుల్ని తినేశాయి. వేళ్ల సందుల్లో చర్మం చీలి, చీలిన చోట మాంసం కనపడేది. అన్నం కలుపుకుంటే ఉప్పుకు ప్రాణం పోయేది. కాంపౌండరు పూతమందు ఇచ్చి, "నీళ్లల్లో పెట్టకు" అన్నాడు. నీళ్లల్లో పెట్టకపోతే నాకు ఉద్యోగం లేదు. ఊరికి పోయి నాట్లు వేద్దామన్నా మోకాలిలోతు బురదనీళ్లు. ఇవి పోతే నాకు వేరే చేతులు లేవు. రాత్రిళ్లు పాతగుడ్డ చుట్టుకుని పడుకుని, మళ్లీ పొద్దున్నే అవే నీళ్లలో ముంచేదాన్ని.

అప్పుడు ఒక కబురు వచ్చింది. ఆయాల్లో చదువు వచ్చినవాళ్లను ఇద్దరిని వార్డు అసిస్టెంట్లుగా తీసుకుంటారట. జ్వరం చూసి చీటీలో రాయాలి, మందులు అందించాలి, పొద్దున డ్యూటీ మారేటప్పుడు రాత్రి రిపోర్టు డాక్టరమ్మకు పైకి చదివి వినిపించాలి. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది. డాక్టరమ్మది కేరళ. తెలుగు నాలుగు మాటలు కూడా రావు. అందుకని ముందు చదివించి చూస్తారు. తప్పితే ఆరు నెలలకు ఇంకొక్కసారి. ఆ తర్వాత లేదు.

ఇంగ్లీషు అక్షరాలు మందు సీసాల మీద చూసి అప్పటికే కూడబలుక్కున్నాను. మాటలకు అర్థాలు ఒక చిన్న నర్సమ్మ చెప్పింది. ధైర్యంగానే వెళ్లాను. పుస్తకం తెరిచి చదవడం మొదలుపెట్టాను. జ్వరం, నాడి, ఇంజెక్షను అన్నీ ఒక కీర్తన వరసలో, చరణం చివర సాగదీసి మరీ చదివాను. తప్పు చదవలేదు. ఒక్క అక్షరం కూడా వదల్లేదు. తలెత్తేసరికి నర్సులు కొంగులు నోట్లో కుక్కుకుంటున్నారు.

"ఏంటే ఇది? రిపోర్టా, ఆరాధనా?" అంది మేట్రనమ్మ. "ఉండు, కానుకల పళ్లెం కూడా తెప్పిస్తా."

డాక్టరమ్మ నవ్వలేదు. అదే నాకు ఎక్కువ దెబ్బ. ఆవిడ నుదురు ముడేసుకుని, "వాట్ టెంపరేచర్?" అని అడిగింది. అప్పుడే చదివాను దాన్ని. ఆవిడకు ఏ మాట ఎక్కడ మొదలైందో, ఎక్కడ ఆగిందో కూడా తెలియలేదు.

నెలకు రెండు ఆదివారాలు సెలవు ఉండేది. మా అమ్మను చూడటానికి వెళ్లాలంటే బాపట్లలో ఎక్కి తెనాలిలో దిగి రేపల్లె బండి మారాలి. పరీక్ష తప్పాక వచ్చిన ఆదివారం తెనాలి ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇంగ్లీషులో కనపడిన ప్రతి రాతనూ రాగం లేకుండా చదవాలని చూస్తున్నాను. రాగం తీసేస్తే మాట కూడా పోతోంది. మళ్లీ రాగం ఎత్తుకుంటున్నాను. బెంచీ మీద ఒక ముసలాయన గొడుగు మీద గడ్డం ఆనించుకుని వింటున్నాడు.

"ఏంటమ్మాయ్, బోర్డు చదువుతున్నావా, జోల పాడుతున్నావా?"

"చదువుతున్నానండి."

"నయం. రేపల్లె బండి అసలే నిదానం. నీ పాట వింటే పడుకునిద్ది."

నేను బెంచీ చివర కూలబడి ఏడ్చాను. నలుగురూ చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఏడుస్తూనే నా రెండు చేతులూ ఆయన ముందు పెట్టి సంగతంతా చెప్పాను. ఆయన రైల్లో గార్డు పని చేసి రిటైరైనవాడు. దొరల కింద చేశాడు కాబట్టి ఇంగ్లీషు దొరల నోట విన్నాడు. ఇల్లు స్టేషను వెనకే. ఇంట్లో తోచక వచ్చి బండ్లు చూస్తూ కూర్చుంటాడు. నా చేతులు రెండూ పరకాయించి చూశాడు.

"వడ్లు దంచావా ఎప్పుడైనా?" అన్నాడు.

"బతుకంతా అదేగా బాబాయిగారూ."

"రోకలి ఎత్తుతావు, దించుతావు. బలం ఎప్పుడు పడుద్ది?"

"దించినప్పుడేనండి."

"ఆఁ. ఇంగ్లీషు మాటకి కూడా పోటు ఒక్కచోటే. మిగతాదంతా రోకలి ఎత్తడమే. నువ్వు అన్ని అక్షరాల్నీ ఒకే తూకాన సాగదీస్తున్నావు. తెలుక్కి అది బానే ఉంటది. ఆ డాక్టరమ్మకి అర్థంగాదు. ఏదీ, ఆపరేషన్ అను."

అన్నాను.

"ఎక్కడ దంచావు?"

"ఎక్కడా దంచలేదండి."

"రే మీద దంచు. ఇంకోటి, బెడ్డు అనమాక. బెడ్. ఆ చివర డు మీదెక్కి ఉయ్యాల ఊగమాక."

ఆయన గొడుగుతో నేలను పొడిచాడు. నేను కుడి పిడికిలితో ఎడం అరచేతిలో గుద్దాను. గుద్దిన చోట మాట విరిగింది. మొదటిసారి నా నోట్లోంచి రాగం లేని మాట వచ్చింది. అరచేయి మంటెత్తిపోయింది, అయినా ఇంకో పదిసార్లు గుద్దాను.

ఆరు నెలలు అదే పని. నెలకు రెండు ఆదివారాలు ఆయన దగ్గర, మిగతా రోజులు వార్డులో. గోనెగుడ్డతో నేల తుడుస్తూ, గుడ్డ ముందుకు తోసిన చోట పోటు వేసేదాన్ని. ఇన్-జెక్-షన్. అడ్-మి-షన్. మూడో మంచం మీది ముసలమ్మ పళ్లు లేని నోటితో పడీపడీ నవ్వేది.

"ఏంటే ఆయమ్మా, గచ్చుకి ఇంగ్లీషు నేర్పుతున్నావా? పాసయిద్దా?"

"నాకంటే ముందు అదే పాసయిద్దిలేవే అత్తా."

నవ్వేదాన్ని గానీ లోపల బెదురే. చేతులు నెలనెలకూ చెడిపోతున్నాయి. ఎడమచేతి రెండు గోళ్లు ఊడిపోయాయి. ఒకరోజు రోగి తాగే నీళ్లగ్లాసు పట్టు జారి పగిలింది. మేట్రనమ్మ కేకలేసింది. ఇంకోసారి పగిలితే ఇంటికి పొమ్మంది.

పరీక్షకు ముందు ఆదివారం గార్డుగారు ఒక పాత ఇంగ్లీషు పేపరు చేతికిచ్చి చదవమన్నారు. అరచేతిలో గుద్దుకుంటూ పేజీ మొత్తం చదివాను. "చేతులు కదపకుండా చదవగలవా?" అన్నారు. ప్రయత్నించాను. రెండో వాక్యానికే రాగం వచ్చి కూర్చుంది. "పోనీలే, కదుపు. ఎవరొద్దన్నారు?" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

ఇద్దరమూ ఈ దేశంలో పుట్టినవాళ్లమే. పెద్దల ముందు ఎలా నిలబడతామో ఇద్దరికీ తెలుసు. ఆయన దొరల ముందు అలాగే నిలబడ్డాడు, నేను రైతుల ముందు అలాగే నిలబడ్డాను. అయినా మా ఇద్దరిలో ఒక్కరికీ ఆ సంగతి తట్టలేదు.

పరీక్ష రోజు గదిలోకి వెళ్లాను. బల్లకు అవతల డాక్టరమ్మ, పక్కన మేట్రనమ్మ. బల్లమీద పుస్తకం తెరిచి ఉంది. నేను నిలబడ్డాను. నా చేతులు వాటంతట అవే పైకి లేచి కట్టుకున్నాయి. ఎవరూ చెప్పలేదు. ఊహ తెలిసినప్పటినుంచీ పెద్దవాళ్లు కనపడగానే అవి అలా కట్టుకుంటాయి, అంతే.

మొదటి మాట దగ్గరే ఆగిపోయాను. పోటు వేయడానికి పిడికిలి చంకలో ఇరుక్కుని ఉంది. తెలిసిన మాటే. ఎక్కడ దంచాలో తెలుసు. దంచడానికి చెయ్యి లేదు.

"ఎస్, రీడ్," అంది డాక్టరమ్మ.

నోరు తెరిచాను, వచ్చింది పాటే. అదే కీర్తన, అదే వరస. మేట్రనమ్మ పెదవులు కదలడం చూశాను. ఇదే ఆఖరుసారి. ఈ గదిలోంచి బయటికి వెళితే గుమ్మం పక్కనే నా ఫినాయిలు బకెట్టు ఉంది. దాన్ని నేనే పెట్టి వచ్చాను.

చేతులు విడదీశాను. నా బతుకులో ఒక పెద్దమనిషి ముందు చేతులు విడదీసి నిలబడటం అదే మొదలు. పిడికిలి బిగించి అరచేతిలో గుద్దాను.

"చేతులు కట్టుకోవే! ఎవరి ముందున్నావు?" మేట్రనమ్మ గసిరింది.

నేను వినలేదు. విని ఉంటే ఆగేదాన్ని. గుద్దుతూ చదివాను. జ్వరం చదివాను, నాడి చదివాను, ఇంజెక్షన్ ఎప్పుడు ఇచ్చారో చదివాను. నాలుగో వాక్యానికి అరచేతిలో పాత చీలిక తెరుచుకుంది. పుస్తకం అంచుమీద రెండు నెత్తురు చుక్కలు పడ్డాయి. కొంగుతో తుడిచి మళ్లీ గుద్దాను. పేజీ అయిపోయాక కూడా చెయ్యి ఆగలేదు, ఉత్తినే ఇంకొక దెబ్బ వేసింది.

డాక్టరమ్మ పుస్తకం తనవైపు తిప్పుకోలేదు. నేను చదివిన జ్వరం ఎంతో, నాడి ఎంతో తన నోటితో తిరిగి చెప్పింది. ఒక్కటి కూడా పొరపాటు లేదు. తర్వాత నా చెయ్యి పట్టుకుని తిప్పి చూసింది. మేట్రనమ్మతో ఇంగ్లీషులో ఏదో అంది. ఆ వేగం నాకు అందలేదు.

"అర్థమయిందంట," అంది మేట్రనమ్మ, ఇష్టం లేకుండానే. "రోగుల మధ్య కూడా ఇట్టా బాదుకుంటావా?"

"లేదండి."

అది అబద్ధం. ఆవిడకూ తెలుసు. ఆరు నెలలు చూస్తామన్నారు. బకెట్టు వేరే ఆయాకు ఇచ్చారు. పొద్దున రిపోర్టు చదివేటప్పుడు చేతులు కట్టుకునే నిలబడేదాన్ని. చెప్పులో కుడికాలి బొటనవేలు దంచేది. ఆ చెప్పు అక్కడే అరిగి చిల్లి పడేది, ఎడమది కొత్తగా ఉండేది. చర్మం మూసుకోవడానికి ఏడాది పట్టింది. ఊడిన గోళ్లలో ఒకటి వచ్చింది, ఒకటి రాలేదు.

ఆ మరుసటి ఏడు ఊరు వెళితే పాస్టరమ్మగారు గుడిలో నన్ను బైబిలు వాక్యం చదవమన్నారు. బాపట్లలో పెద్ద ఉద్యోగం చేస్తున్నానని నలుగురికీ చూపించుకోవాలని ఆవిడ ముచ్చట. లేచి, చేతులు కట్టుకుని, తెలుగులోనే చదివాను. రాగం కోసం వెతికాను. రాలేదు. ముక్కలు ముక్కలుగా, పోట్లు పోట్లుగా పడింది. ముందు వరసలో నాతోపాటు అక్షరాలు నేర్చుకున్న ఆడవాళ్లు ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు.

బయటికి వచ్చాక పాస్టరమ్మగారు నా చేతులు పట్టుకుని చూశారు. "చేతులు బాగుపడ్డాయే," అన్నారు. చేతులు వదలకుండానే, "గొంతుకేమయిందే నీకు?" అని అడిగారు.

"డ్యూటీ అండి," అన్నాను.