నాగమణి చెక్కబండి

“పార్కింగులో బండ్లే పెట్టాలండీ! కార్ఖానాలు కాదు!” అని పార్థసారథి గారు అరిచారు. గోపన్‌పల్లిలో ఆ అపార్ట్‌మెంటు సంఘానికి ఆయన ప్రెసిడెంటు. ఎదురుగా నాగమణి. ఆమె పక్కన రంపం, ఉలి, చిత్రిక పరుచుకున్న పొడుగాటి బల్ల.

నాగమణి బల్లను ఒక్క తోపు తోసింది. అది గడగడా దొర్లి ఆయన చెప్పుల ముందు ఆగింది. కింద నాలుగు చక్రాలు.

“ఇదీ బండే సార్.”

“ఇది బండెలా అవుతుందండీ?”

“ఇడ్లీ బండి, బజ్జీల బండి అని మీరే గదా అంటారు. వాటికేమన్నా ఇంజనుందా?”

లిఫ్టు పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్న సత్తెమ్మ పకపకా నవ్వింది. ఆ అపార్ట్‌మెంటు లేచిన నేల ఒకప్పుడు ఆమె జొన్నచేను. అక్కడ ఎవరు గెలిచారో తేల్చే హక్కు తనదేనని ఆమె నమ్మకం.

“ఓడినవ్ సారూ, ఇగ పో!” అంది.

ప్రెసిడెంటు గారు పోతూ పోతూ ఒక మెలిక పెట్టారు. ఆదివారం మీటింగు నాటికి ఊగని ఎత్తుపీట ఒకటి చేసి చూపించాలి. ఊగిందా, బండి గేటు దాటాల్సిందే.

నాగమణిది ప్రొద్దుటూరు. సాఫ్ట్‌వేర్ ఆఫీసులో టెస్టింగు పని, అంటే ఒకరు రాసిన దాంట్లో తప్పులు పట్టడం. “పొద్దస్తమానం ఎవురి తప్పులో ఏరి ఏరి విసుగొచ్చింది పెద్దమ్మా. నా చేతుల్తో నేనొక తప్పన్నా చేసుకుందామని” సత్తెమ్మతో అనేది. కారు అమ్మేశాక ఖాళీ అయిన చోట, వానలు వెళ్ళేదాకా అని ఈ దుకాణం పెట్టింది.

తప్పులకు కొదవ లేకపోయింది. చిత్రిక పడితే బల్ల ముందుకు పరుగెత్తేది, వెనక ఆమె. “బండంటివి గద, ఉరకకుంటే ఏం జేస్తది?” అని సత్తెమ్మ ఎత్తిపొడిచేది. నాగమణి చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టింది. పీట తయారైంది, ఊగింది. ఒక కాలు కోసింది. అటు ఊగడం మాని ఇటు ఊగింది. రెండో కాలు కోసింది.

“గిట్లనే కోసుకుంట పో. ఆదివారం దాకా రొట్టెల పీట అయితది.”

అంటూ సత్తెమ్మ తన కుర్చీలో వెనక్కి వాలింది. ఆ కుర్చీ కూడా ఊగింది.

నాగమణి రంపం దించి కుర్చీ కాళ్ళకేసి చూసింది. తర్వాత నేలకేసి చూసింది. కార్లు కడిగిన నీళ్ళు పోవడానికి పార్కింగు నేలను కాలువ వైపు వంపులు వంపులుగా పోశారు. ఇన్నాళ్ళూ ఆ వంకర నేలకు సరిపోయేలా పీటను వంకర చేసుకుంటూ వచ్చింది!

“అయ్యో నా తెలివి తెల్లారా!” అని నెత్తి కొట్టుకుని, పీటను లిఫ్టు ముందున్న నున్నటి గ్రానైటు మీదికి మోసుకుపోయి, అక్కడ సరిచేసింది. ఎత్తుపీట కాస్తా మోకాలి కిందికి దిగిపోయింది.

ఆదివారం అందరూ లిఫ్టు ముందు చేరారు. “కూర్చోండమ్మా, చూద్దాం” అన్నారు ప్రెసిడెంటు గారు.

“చేసినోళ్ళే చూసుకోగూడదు సార్, మా ఆఫీసు పద్ధతి. పెద్దమ్మ కూర్చుంటాది.”

సత్తెమ్మ నోట మెప్పుమాట విన్నవాళ్ళు ఆ ఇళ్ళలో లేరు. కోడలి పులుసుకు దక్కిన అతి పెద్ద బహుమానం ‘తినొచ్చు’. ఆమె కొంగు సర్దుకుని కూర్చుంది. అటు జరిగింది, ఇటు జరిగింది. కావాలనే ఒక కుదుపు కుదిపింది. పీట కిక్కురుమనలేదు.

“ఎలా ఉందండీ?” అన్నారు ప్రెసిడెంటు గారు.

“కూసోవచ్చు.”

“అదేం మాటండీ? బాగుందా, లేదా? ఆ ఒక్కటీ తేల్చండి!”

సత్తెమ్మ మూతి బిగించింది. నాగమణి వంగి ఆమె చెవిలో అంది:

“పెద్దమ్మా, నీ కాళ్ళు మొక్కుతా. రేపట్నుంచి ఎన్నన్నా తిట్టు. ఈ ఒక్క తూరికి, ఆ సారుకు ఇనపడేట్టు, బాగుందని అను.”