నేను పట్టిన తెల్ల అట్ట

మా గల్లీ ఆడోళ్ల మీద తీసిన సినిమా మీరు చూసి ఉంటే, నడుమ ఒకచోట మీ చూపు ఆగి ఉంటది. ముసలామె ఒకతె ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టుకుంట మాట్లాడుతుంటే, ఆమె మొహం మీది వెలుతురు ఉన్నట్టుండి మెత్తబడి తగ్గిపోతది. మొహం నీడలకు పోతది, చేతులు మాత్రం కనపడుతుంటయి. నిజామాబాద్‌ల ఆ సినిమా వేసిన నాడు రిటైరైన లెక్చరర్ సారొకాయన లేచి నిలబడి, ఈ ఒక్క వెలుతురు కోసమే సినిమా రెండోసారి చూస్తనన్నడు. ఆ వెలుతురు నాది. యాభై ఏండ్లు కెమెరా పట్టిన చెయ్యి అది. ఇసొంటి పని ఈ జిల్లాల ఇంకొకరికి రాదు.

యాభై అంటే ముప్పై ఆరు. అండ్ల కడపటి ఆరేండ్లు ఎవరన్న పిలుస్తరేమోనని ఫోను ఒళ్లో పెట్టుకొని కూసున్నయి. మిగిలిందంత నిజమే అనుకోండ్రి, ఇప్పటికైతే.

సినిమా అయిపోయినంక పేర్లు పడుతయి గదా. అండ్ల ‘వెలుతురు’ అని రాసి, పక్కన మా ఎదురింటామె పేరు వేసిండ్రు. స్విచ్చు వేసుడు తప్ప ఎదురింటామెకు వెలుతురు గురించి ఏం తెలువదు. నా పేరు ఎక్కడ లేదు. చాయ పోసినామె పేరున్నది, బస్టాండు నుంచి ఆటోల దింపినాయన పేరున్నది. ఆ అన్యాయం నలుగురికి తెలువాలెననే ఇది రాస్తున్న.

నేను పెండ్లి వీడియోలు తీసెటోన్ని. మాది బోధన్. చెరుకు కొట్టుడు అయిపోయి రైతుల చేతులు ఖాళీ అయిన నెలలల్ల నేను ఇంట్ల పండుకున్నది లేదు. పసుపు పండే మోర్తాడ్ కాడికెల్లి నిజాంసాగర్ కట్ట దాక నా కెమెరా పోని మండపం లేదు. తామరపువ్వు విచ్చుకుంటే అండ్లకెల్లి పెండ్లిపిల్ల మొహం బయటికొచ్చుడు ఈ దిక్కు మొదలుపెట్టింది నేనే. మొదలుపెట్టింది అంటే, మిక్సింగ్ చేసెటాయన పెట్టిండు. నేను వద్దనే అన్న.

మా ఇంటామె బీడీలు చుడుతది. పెండ్లై వచ్చిన నాటినుంచి చుడుతనే ఉన్నది. మా గల్లీల ఏ దర్వాజల చూసినా ఒక ఆడమనిషి, ఒక చాట, తడిబట్టల చుట్టిన తునికాకు. ఆ తంబాకు వాసననే ఇంటి వాసన అనుకొని బతికినోన్ని నేను. దాని మీద సినిమా తీస్తరని ఎవరనుకుంటరు?

తీయనీకి వచ్చింది నిజామాబాద్ పిల్ల. ముప్పై ఉంటయేమో. బస్సు దిగి, భుజానికి సంచి వేసుకొని ఒక్కతే వచ్చింది. చేతుల కెమెరా టిఫిన్ డబ్బ అంత ఉన్నది. నేను అరుగు మీద కూసొని ఉన్న. కెమెరా కండ్లబడంగనే లేచి అంగీ గుండీలు పెట్టుకున్న. ఇన్నేండ్లల్ల కెమెరా సంగతి మీద మా గడప ముందు నిలబడ్డ ప్రతి మనిషి నా కోసమే వచ్చిండు. ఆ పిల్ల నాకు నమస్తే పెట్టి, “తాతా, అవ్వ ఉన్నదా?” అన్నది.

నా కడుపుమంట ఆ మాటతోనే అంటుకున్నది.

కెమెరామన్ ఎవరని అడిగిన. నేనే అన్నది. లైటింగ్ ఎవరు? నేనే. తీయమన్నది ఎవరంటే ఎవ్వరు అనలేదట. వాళ్ల నానమ్మ బీడీలు చుట్టి ఇల్లు సాదిందట, నానమ్మ పోయినంక వెతికితే ఆమె చేతులు కనపడే ఫోటో ఒక్కటి దొరకలేదట. అందుకని బతికున్నోళ్ల చేతులన్న తీస్తనని బయలెల్లింది. నాకు లోపల్లోపల సంబురమైంది. మనిషి లేదు, మందీ లేదు, నాలుగు రోజులల్ల ఇంటికి పోతది అనుకున్న.

పోలే. నాలుగు రోజులు అసలు కెమెరా సంచిలకెల్లి తియ్యనే లేదు. మా ఇంటామె పక్కన కూసొని బీడీ చుట్టుడు నేర్చుకున్నది. ఆ పిల్ల చుట్టిన బీడీ చాటల పెట్టంగనే విచ్చుకొని పండుకునేది, చుట్టు కూసున్న ఆడోళ్లు పడిపడి నవ్వేటోళ్లు. మా ఇంటామెకు పైవరుసల ఒక పన్ను లేదని ఆమె నవ్వంగ అప్పుడే చూసిన. ఎప్పుడు పోయిందని అడిగితే, పోయిన ఉగాదికి ముందలి ఉగాదికి అన్నది. నాతోని సగం సగం మాటలతోని పని గడుపుకునే మనిషి, ఆ పిల్లతోని పొద్దంత మాట్లాడుతది. తల్లిగారింటి ముచ్చట్లు, చిన్నప్పుడు కాల్వల ఈత కొట్టిన ముచ్చట్లు. మా ఇంటామెకు ఈత వస్తదా? నాకు తెలువదు. నేను లోపటికి పోతే మాట ఆగేది, బయటికి వస్తే మళ్ల మొదలయ్యేది.

ఊకుంటనా. షూటింగు మొదలయ్యే ముందటి రోజు గల్లీ అంత తిరిగి నేనే ఆడోళ్లకు చెప్పొచ్చిన. సినిమా అంటే సినిమా తీరుగ ఉండాలె, పట్టుచీరలు కట్టుకోండ్రి, పౌడరు పెట్టుకోండ్రి, చాటలు మాత్రం కెమెరాకు కనపడొద్దు అన్న. కెమెరా అంటే నాకు తెలిసింది అదే, వాళ్లకు తెలిసింది నేనే. పొద్దున తొమ్మిదింటికి పదకొండు మంది ఆడోళ్లు, బిడ్డల పెండ్లిల్లల్ల కట్టిన చీరలు కట్టుకొని మా అరుగు ముందల రెండు వరుసల్ల నిలబడ్డరు. పొట్టోళ్లు ముందల, పొడుగోళ్లు ఎనక. నేనే నిలబెట్టిన. ఆ పిల్ల వచ్చి చూసి, సంచి భుజం మీదికెల్లి దించి కింద పెట్టింది. మా ఇంటామె ఎప్పటి చీరలనే బయటికొచ్చి, చేతులకంటిన తంబాకు దులుపుకుంట, “ఎవల పెండ్లే ఇయ్యాల?” అన్నది. అందరు నవ్వుకుంట ఇండ్లకు పోయి చీరలు మార్చుకొని, చాటలు పట్టుకొని వచ్చిండ్రు. ఎదురింటామె పోతపోత, “బావా, నువ్వుగూడ పోయి ఏదన్న మార్చుకో” అన్నది.

ఇంకొకనాడు ఆ పిల్ల నా దగ్గరికే వచ్చింది. అవ్వ పడుచుగ ఉన్నప్పటి బొమ్మ మీ క్యాసెట్లల్ల ఉంటది గదా తాతా, ఒక్క నిమిషం ఉన్నా చాలన్నది. పెట్టెలకు పెట్టెలున్నయన్న. మొదటి రోజులల్ల నా పెద్ద లైటు మోసింది మా ఇంటామెనే. నేను ముందల, ఆమె ఎనక, చెయ్యి పైకెత్తుకొని గంటలు గంటలు. ఆమె లేని క్యాసెట్ ఉండదనుకున్న. మూడు రోజులు కూసొని చూసిన. ఎవరెవరి మేనత్తలో వచ్చిండ్రు. వంటాయన వచ్చిండు. మండపం కిందికి దూరిన కుక్క రెండుసార్లు వచ్చింది. మా ఇంటామె ఒకచోట మోచెయ్యి, ఇంకొకచోట గోడ మీద నీడ. అంతే. క్యాసెట్లకు బూజు పట్టింది బిడ్డా అని చెప్పిన. బూజు పట్టలే. ఇప్పటికి శుభ్రంగ నడుస్తయి.

ఇగ నాకు అసలు భయం వేరే ఉండె. నా కాలు ఇరిగిన ఏడాది ముచ్చట ఆ పిల్ల చెవిల పడ్డది, అది మా ఇంటామెను అడుగుత అన్నది. నందిపేట్‌ల ఒక పెండ్లిల నేను క్రేను మీదికెల్లి పడ్డ. సరే, క్రేను కాదు, ప్లాస్టిక్ కుర్చీ. తలంబ్రాలు పైకెల్లి తీద్దామని ఎక్కిన. కుర్చీ కాలు, నా కాలు కలిసే ఇరిగినయి. నాలుగు నెలలు మంచంల ఉన్న. ఆ నాలుగు నెలలు ఇల్లెట్ల నడిచిందంటే నేను ఇన్నేండ్లు ఒక్కటే చెప్పుకుంట వచ్చిన. నేను పెండ్లి తీసిన ఇండ్లోళ్లు నన్ను మరువలేదు, ఒకరు బియ్యం పంపిండ్రు, ఒకరు పప్పు పంపిండ్రు, నా పనితనమే నా ఇంటిని సాదింది అని. హోటల్‌ల చెప్పిన, అల్లునికి చెప్పిన, చెప్పంగ చెప్పంగ నేనే నమ్మిన. మా ఇంటామె ఎన్నడు అవునన్నది లేదు, కాదన్నది లేదు. ఇప్పుడు కెమెరా ముందట ఏమంటదో. ఏమన్నా ఊరూరు చూస్తది.

అందుకే ఆనాడు నేను పక్కకెల్లి కదలలే. ఆమె నోరు తెరిస్తే నేను అందుకున్న. ఆమె వానకాలమంటే నేను ఎండకాలమన్న. దగ్గిన. ఆ పిల్ల రెండుసార్లు కెమెరా ఆపింది. ఆఖరికి ఒక తెల్ల థర్మాకోల్ అట్ట తెచ్చి నా చేతుల పెట్టింది. దర్వాజలకెల్లి వచ్చే వెలుతురు ఆ అట్ట మీద పడి, అవ్వ మొహానికి చీకటున్న దిక్కు తగలాలెనట. ఈ పని మీకన్న ఎవరికి వస్తది తాతా, కాకపోతే మాట్లాడొద్దు, అట్ట కదులుతది అన్నది. నా నోరు మూయనీకే ఇచ్చిందని అప్పుడు సమజ్ కాలే. ఛాతి ఉబ్బించుకొని పట్టుకున్న. అట్ట నా మొహానికి అడ్డం. దాని అంచు పక్కకెల్లి మా ఇంటామె మొహం ఒక్కటే కనపడుతున్నది. దర్వాజ బయట గల్లీలోళ్లు బట్టలారేసే తీగ ఉంటది. మధ్యాహ్నం దాక దాని మీద ఎవరు ఏం వేయొద్దని ఆ పిల్ల పొద్దున్నే అందరికి చెప్పి ఉంచింది.

మా ఇంటామె చెప్పుడు మొదలుపెట్టింది. మా గల్లీల ఒక పద్ధతి ఉన్నది. నాకు తెలువనిది కాదు, నేను తెలువనట్టు ఉన్నది. ఒకామె మంచాన పడితే, బాలింతైతే, ఇంట్ల మనిషి పోతే, ఆమె చాటను తడిబట్ట కప్పి గడప బయట పెడుతరు. బీడీ కార్ఖానాకు పోయే ముందు మిగతా ఆడోళ్లు తలా ఒక బీడీల కట్ట ఆ బట్ట కింద పెట్టి పోతరు, పని ఆగిందని రిజిస్టరుల ఆమె పేరు కొట్టేయకుంట. పెట్టినోళ్లు చెప్పొద్దు, తీసుకున్నోళ్లు అడుగొద్దు. నన్ను లేపుడు, కూసోబెట్టుడు, కడుగుడుతోనే మా ఇంటామెకు పొద్దు పోయేది. నాలుగు నెలలు మా చాట గడప బయటనే ఉన్నది.

“ఎవలు పెట్టిండ్రో నేను అడగలే,” అన్నది మా ఇంటామె. “అడిగే పనేమున్నది? దారం సుట్టిన తీరు సూస్తె సెయ్యి తెలుస్తది. ఒకామె బీడీ మూతి గట్టిగ ముడుస్తది. ఒకామెది ఎడమసెయ్యి. ఎదురింటామె మూడు సుట్లు సుట్టి గోటితోని అదుముతది. సగం కట్టలు ఆమెయే. ఆమెకప్పుడు కడుపుల బిడ్డ పోయి నెల గూడ కాలే. ఆమె సాట గూడ బయటనే ఉండాలె. అది లోపటికి తీసుకపోయి, మాకోసం సుట్టింది.”

నా ఊసు లేదు. బియ్యం పంపినోళ్ల ఊసు లేదు. ఎందుకుంటది, ఎవరు పంపలే. చెప్పాల్నంటే నాకప్పుడు సిగ్గు గూడ కాలే. కుళ్లు వచ్చింది. ఒక బీడీని చూసి ఇది ఫలానామె చెయ్యి అని గుర్తుపట్టె మనిషి, వెయ్యి క్యాసెట్లల్ల నాది ఒకటి పెట్టి చూపిస్తే ఇది నా మొగని చెయ్యి అని గుర్తుపడుతదా? ఆ పిల్ల కెమెరాను ఆమె మొహానికి ఎంత దగ్గరికి తీసుకపోయిందంటే, నేను నా జన్మల కెమెరా పట్టుకొని అంత దగ్గరికి పోలే. అట్టను కొంచెం కొంచెం కిందికి ఒంచిన. తెలిసే ఒంచిన. నాకు తెలిసిన విద్యంత పెట్టి మా ఇంటామె మొహం మీదికెల్లి వెలుతురు తీసేసిన. మొహం నల్లబడ్డది. ఈ ముక్క పనికిరాదు, తీసి పారేస్తరు అనుకున్న. మా ఇంటామె తల దించి, చూపు గడప దిక్కు పెట్టి, ఆగకుంట చెప్పింది. ఆ పిల్ల గూడ ఆపలే.

పారేయలే. దాన్నే సినిమాకు నడుమ పెట్టింది. నిజామాబాద్‌ల లెక్చరర్ సారు మెచ్చుకోంగనే నేను కుర్చీలకెల్లి లేచి నాలుగు దిక్కులకు నమస్తే పెట్టిన. బోధన్ బస్సెక్కేటాళ్లకు నా కుళ్లు నా పనితనమై కూసున్నది. అయితే ఆ పేర్ల సంగతి గుండెల ముల్లు తీరుగ ఉండె. ఆ పిల్లకు ఫోన్ చేసి, వెలుతురు కాడ పేరు తప్పు పడ్డదన్న. తప్పు కాదు తాతా, అవ్వనే చెప్పి వేయించింది, అవ్వనే అడుగుండ్రి అని నవ్వింది. అడగలే. అడిగితే అట్ట ఒంచిన సంగతి బయటికొస్తది గదా.

ఇప్పుడు రాసేసిన గనుక దాచుడు దేనికని, పొద్దున ఈ కాగితాలు మా ఇంటామెకు చదివి వినిపిచ్చిన. ఆమె గడపకాడ చాట ఒళ్లో పెట్టుకొని కూసున్నది. అట్ట ఒంచిన కాడ నా గొంతు వణికింది. కొంచెం నేనే వణికిచ్చిన. ఆమె తిడుతదనుకున్న, లేకుంటే పోనీ అంటదనుకున్న. ఆమె చేతులు ఆగలే. చదువుడు అయినంక దారం మూడు చుట్లు చుట్టి, బీడీ చాటల వేసి, నా దిక్కు చూడకుంటనే అన్నది.

“నీ అట్ట ఒంచితె ఎంత, ఎత్తితె ఎంత? ఎలుతురు దర్వాజలకెల్లి గదా వచ్చేది. ఎదురింటామె తడిసీర తెచ్చి దర్వాజకు అడ్డం తీగ మీద ఏసింది. ఆరేయనీకి గాదు, ఇననీకి. సీర ఎనకనే నిలబడ్డది, కింద ఆమె కాళ్లు కనపడ్డయి నాకు. ఆ కాళ్లు సూసుకుంటనే సెప్పిన నేను. అండ్ల నీ పనితనం లేదు, నీ కుళ్లు లేదు. ఆమె పేరు సరిగ్గనే ఏసిండ్రు. నువ్వు రాసిందే తప్పు, కొట్టెయ్యి.”