ఓబులేసు ఊరికి కేబుల్ వచ్చినప్పుడు

ఓబులేసు పోయాడు.

నిన్న పొద్దున ఆఫీసుకు బయలుదేరుతుంటే వాడి నంబరు నుంచి వీడియో కాల్. ఆ టైములో వాడు ఎప్పుడూ చేయడు.

ఎత్తితే స్క్రీన్ మీద వాళ్ళక్క నారాయణమ్మ.

ఆమెకు మా సైగలు పెద్దగా రావు. తిన్నావా, రా, పో, అంతే. ఓబులేసు ఎడమ కనుబొమ్మ మీద ఒక మచ్చ ఉండేది. హాస్టల్లో మేం వాడిని పిలిచే పేరు అదే, కనుబొమ్మ మీద వేలితో ఒక గీత.

ఆమె ఆ గీత గీసింది. తర్వాత అరచేతిని బోర్లా తిప్పింది.

అర్థమైంది. అయినా అర్థం కానట్టే మళ్ళీ అడిగాను.

ఆమె మళ్ళీ అదే చేసింది.

తర్వాత టైప్ చేసి పంపింది, గుండెపోటట. నిద్రలోనే.

మా స్కూలు వాళ్ళు కాని ఫ్రెండ్స్ కోసం చెప్తున్నా. నాలాగే వాడికీ చెవులు వినపడవు. అనంతపురంలో హాస్టల్లో ఒకే గదిలో పెరిగాం. నాకు గుంతకల్లులో రైల్వే ఉద్యోగం వచ్చింది. వాడు తాడిపత్రి అవతల, మా వైపు వంక అంటాం, ఆ వాగు దాటితే వచ్చే వాళ్ళ చిన్న పల్లెకు వెళ్ళిపోయి, కుట్టు మిషను పెట్టుకున్నాడు.

ఆ పల్లెలో సైగలు వచ్చినవాళ్ళు ఒక్కరూ లేరు.

అందరూ మంచివాళ్ళే. నవ్వుతారు, పిలిచి అన్నం పెడతారు. కానీ మాట్లాడటానికి మనిషి లేడు.

"చేతులకు పనుండాదిరా మాబూ, మాటే లేదు" అన్నాడు ఒకసారి కలిసినప్పుడు.

స్మార్ట్‌ఫోన్లు వచ్చాక ఇక మా కష్టం తీరిందనుకున్నాం. వాళ్ళ ఊళ్ళో గుట్ట ఎక్కితేనే సిగ్నల్. రేషన్ మిషన్లో వేలిముద్ర వేయాలన్నా ఊరంతా గుట్ట ఎక్కాల్సిందే. ఓబులేసు అక్కడ రాళ్ళ మధ్య ఫోన్ నిలబెట్టి, ఎండలో నిలబడి మాట్లాడేవాడు.

బొమ్మ ఆగిపోయేది. చెయ్యి గాల్లోనే ఉండిపోయేది.

మళ్ళీ కదిలేసరికి వాడు వేరే మాటలో ఉండేవాడు. మధ్యలో ఏం చెప్పాడో నాకు తెలిసేది కాదు.

మెసేజ్ పెట్టుకోవచ్చు కదా అంటారు. వాడికి రాత అంతంతమాత్రం. అయినా రాసుకోవడం వేరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ మాట్లాడుకోవడం వేరు.

ఆమధ్య ప్రభుత్వ ఫైబర్ నెట్ పంచాయతీ ఊరిదాకా వచ్చింది. వంక దగ్గర ఆగిపోయింది. అవతల ఇళ్ళు తక్కువ, కొత్తగా స్తంభాలు వేయాలి, తర్వాత చూద్దాం అన్నారు.

ఓబులేసు ఊరుకోలేదు. అక్కను తీసుకుని సోమవారం గ్రీవెన్స్‌లో అర్జీ ఇవ్వడానికి అనంతపురం కలెక్టరాఫీసుకు పోయాడు. నేనూ లీవు పెట్టి వెళ్ళాను. అక్కడ ఎవరేం అన్నారో బయటికొచ్చాక అక్క ఫోన్లో టైప్ చేసి చూపించింది.

"ఫోనుండాది కదమ్మా, కాల్ పోతాది కదా, ఇంకేం కావల్ల?" అన్నాడట ఆఫీసరు.

"కాల్ చేస్తే వానికి యాడ వినపడతాది సార్? వాని మాటంతా చేతుల్లోనే ఉండాది. అవి కనపడల్ల" అందట అక్క.

ఆయన మా ఇద్దరి వంకా కాసేపు చూసి అర్జీ తీసుకున్నాడు.

వెంటనే ఏమీ జరగలేదు. వాడు మళ్ళీ పోయాడు. మళ్ళీ పోయాడు. పల్లెలో మొదట నవ్వారు. తర్వాత రేషన్ కోసం గుట్ట ఎక్కే ముసలివాళ్ళు, పిల్లల ఆన్‌లైన్ పాఠాల కోసం తల్లులు, ఒక్కొక్కరే వాడి వెంట నడిచారు. చివరికి తర్వాతి విడతలో వంక మీదుగా స్తంభాలు వేసి కేబుల్ లాగారు.

ఆ రోజు కాల్ చేశాడు. నన్ను చూస్తూ కూర్చున్నాడు.

తర్వాత మెల్లగా అడిగాడు. "కనపడతాండానా?"

"కనపడతాండావు."

"వేళ్ళు కూడానా?"

"వేళ్ళు కూడా."

ఏడ్చాడు. నేనూ ఏడ్చాను.

అప్పట్నుంచీ రోజూ సాయంత్రం మాటలే. ఫోన్‌ను మిషనుకు ఆనించి పెట్టేవాడు. మాట్లాడాలంటే కుట్టడం ఆపాలి, ఇక పని సాగేదెక్కడ! ఒకామె వచ్చి "ఏమప్పా, నా రవికె యాడికొచ్చింది? ఎప్పుడు జూసినా ఆ ఫోన్‌తోనే ఉంటావు!" అని కేకలేస్తే, ఆమె తిట్లు పెదాలను బట్టి పట్టుకుని, అక్కడికక్కడే నాకు సైగల్లోకి మార్చి చెప్పి పగలబడి నవ్వాడు.

నిన్న రైలెక్కి తాడిపత్రిలో దిగి, ఆటోలో వాళ్ళ పల్లెకు పోయాను. ఇంటి ముందు బోలెడు మంది. అందరి నోళ్ళూ కదులుతున్నాయి. నాతో మాట్లాడగలిగినవాడు మాత్రం మధ్యలో పడుకుని ఉన్నాడు.

అన్నేళ్ళు వాడు ఈ జనం మధ్య ఎలా ఉన్నాడో నిన్న తెలిసింది.

అంతా అయిపోయాక అక్క నా పక్కన కూర్చుంది. ఫోన్లో టైప్ చేసింది.

"దినామూ అంతసేపు వాడు నీతో ఏం మాట్లాడతాండె మాబూ? మాకెవరికీ తెలీదు. చెప్పప్పా."

చెప్పబోయి చేతులెత్తాను. ఆమె నా చేతుల వంకే చూస్తోంది. ఏమీ అర్థం కావడం లేదు. ఫోన్ తీసుకున్నాను, ఒక్క ముక్క కూడా టైప్ చేయలేకపోయాను.

అందుకే ఇక్కడ రాస్తున్నా. ఆ ఊరివాళ్ళెవరైనా అక్కకు ఇది చూపించండి.

అక్కా, వాడు వాన గురించి మాట్లాడేవాడు. చెనిక్కాయ చేను వాడిపోతాంటే చూడలేకపోయేవాడు. నువ్వు మోకాళ్ళ మందు సరిగ్గా వేసుకోవని నాకు చాడీలు చెప్పేవాడు. నువ్వు వెంట రాకపోయుంటే ఈ కేబుల్ వచ్చేదే కాదని ఎన్నోసార్లు అన్నాడు. ఆ మాట నీతోనే చెప్పాలనుకున్నాడు. నీకు అర్థమయ్యేలా ఎలా చెప్పాలో వాడికి తెలియలేదు.

ఈ సాయంత్రం ఎప్పటిలాగే ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చున్నాను. ఎవరికి చేయాలో తోచలేదు.

పోయిరారా ఓబులేసూ. నువ్వు పోయిన చోట నీ మాట తెలిసినవాళ్ళు నిండా ఉండాలి. నెమ్మదిగా, హాయిగా ఉండు.