పోచన్న పెరటి తాళ్లు

తాటిచెట్టును ఎవరూ నాటరు. పండు రాలినచోట తాడు అదే మొలుస్తుంది, గట్టు మీద అదే ఎదుగుతుంది. అందుకే కల్లుగీసే పోచన్న తన పెరట్లో తాటిటెంకలు పెట్టిస్తున్నాడని తెలిసి ఊళ్లో వాళ్లు నవ్వుకున్నారు.

జర్మనీ లడాయి మొదలైందని కామారెడ్డి స్టేషన్లో చెప్పుకుంటున్న రోజులవి. కామారెడ్డి నుంచి ఎల్లారెడ్డికి పోయే బండ్లబాట పక్క గట్ల మీద, మీసం రాకముందు నుంచి చెట్లెక్కిన మనిషి పోచన్న. ఆ వానాకాలం నడుముకు కట్టుకునే మోకు అరిగింది. కొత్తది పేనుకుందాం, రేపు పేనుకుందాం అనుకుంటూనే పాతదానితో ఎక్కాడు. అది తెగింది. నడుం విరిగి మంచాన పడ్డాడు.

నెల తిరగకముందే గట్ల యజమాని నర్సింహులు పటేలు వచ్చాడు. గడపలోనే నిలబడి, "చెట్టు ఆగదు గదా పోచన్నా" అని, ఆ తాటిచెట్లను ఇంకొకరికి అప్పగించి పోయాడు. పటేలు చెప్పింది నిజమే. గీత ఆపితే గెల ఎండిపోతుంది.

ఆ మర్నాడే పెండ్లాం హన్మవ్వను పిలిచి, మంచాన్ని ఇంటి వెనుక చూరు కిందికి జరిపించాడు. అక్కడి నుంచి పెరడంతా కనబడుతుంది.

"టెంకల్ని పండబెట్టు, నిలబెట్టకు" అన్నాడు, గుంతలు తీసి టెంకలు పెడుతున్న ఆమెతో. "అంత దగ్గర దగ్గర పెడతవేందే? మొలిచినంక తవ్వి తినే గేగుల కోసం పాతర పెడుతున్నవా? దూరం జరుపు."

పోచన్న తమ్ముడు లింగయ్య కూడా గీత పనివాడే. గోడకు ఆనుకొని నవ్వాడు. "అన్నా, ఇవి గీతకు వచ్చేసరికి నా నోట్ల పండ్లు గూడ ఊడుతయి. పైగా మన పెరట్ల ఉన్నా చెట్టు ఆబ్కారోళ్లదే."

"కల్లు వాండ్లదైతే కానీ. నీడ మనది, ఇల్లు కప్పే కమ్మలు మనయి. దిగు అనేటోడు ఉండడు."

తర్వాత హన్మవ్వతో అన్నాడు: "తాడు ముందుగాల కిందికి పోతది. ఆకు పైకి వచ్చేది మళ్ల వానలకే. అందాక గుంతలల్ల గడ్డి మొలవనియ్యకు. ఆకు జూసే పోత నేను."

హన్మవ్వ ఆ చివరి మాటను పట్టుకుంది. ఆకు వచ్చేదాకా ఈ మనిషి ఉంటాడు. చలికాలమంతా పటేలు పొలంలో కూలికి పోయి వచ్చి గుంతలకు నీళ్లు పోసింది. పైన ఏమీ కనబడేది కాదు, ఉత్త మన్ను. పోచన్న ఆ మన్నును చూస్తూ పడుకునేవాడు.

ఎండలు ముదిరాక అంబలి ముట్టడం మానేశాడు. "కుళ్లిపోయినయే అవి" అని మొహం తిప్పుకున్నాడు. మర్నాడు తెల్లవారకముందే ఆమె గట్టుకు పోయి, చిన్న తాటిపిల్ల నుంచి చెయ్యంత కమ్మ కోసుకొచ్చి, ఒక గుంతలో గుచ్చి మన్ను ఒత్తింది.

"ఇగో, జూడు! వచ్చింది."

పోచన్న విసనకర్రలా విచ్చుకున్న ఆ కమ్మను చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె కాళ్లకు అంటిన గట్టుమన్ను చూశాడు.

"మంచిగ వచ్చిందే" అన్నాడు. "అంబలి తే."

ఆ పూట గిన్నెడు తాగాడు. కానీ కోసిన కమ్మ ఎండకు ఎన్నాళ్లుంటుంది? వాడిపోగానే ఆమె చీకట్లో మళ్లీ పోయేది, మళ్లీ తెచ్చి గుచ్చేది. కాళ్లు పగిలాయి. ఒకనాడు పోచన్న, "మంచం గోడ దిక్కు మలుపు. కండ్లల్ల ఎండ పడుతుంది" అన్నాడు.

"మరి ఆకు జూడవా?"

"జూసిన గదా. ఇగ సాలు."

ఇంత చేస్తే మొహం చాటేశాడని ఆమెకు కోపం వచ్చింది. రెండు రోజులు సరిగ్గా మాట్లాడలేదు. కమ్మలకు పోవడం మానేసింది. వైశాఖం వెళ్లకముందే, ఆ గోడవైపు మొహం పెట్టుకునే పోచన్న పోయాడు.

మృగశిర కార్తె వచ్చి మిరుగు వానలు పడ్డాయి. గుంతల్లో గడ్డి లేచింది. ఆయన మాట దాటకూడదని హన్మవ్వ ఖుర్పీ తీసుకొని, గుంత తర్వాత గుంత, వేళ్లతో సహా పెకిలిస్తూ పోయింది. గరిక, తుంగ, వాటి మధ్య గుంతకొకటిగా మొండిగా నిలిచిన వెడల్పాటి పోచ. చివరి గుంత దగ్గర ఉండగా లింగయ్య చెట్ల నుంచి వస్తూ పెరట్లోకి తొంగిచూశాడు.

"వదినె, ఆగు! తాటిమొలకను పీకుతున్నవేంది?"

"ఏది? ఇది గడ్డి గాదా?"

"అదే తాడు. మొదటి ఆకు గిట్లనే ఒంటిపోచ లెక్క వస్తది. కమ్మ విచ్చుకునేటందుకు ఏండ్లు పడతది."

ఆమె చేతిలో ఖుర్పీ ఆగిపోయింది. "మీ అన్నకు ఎరికేనా ఈ ముచ్చట?"

"ఎరికేనా అంటవేంది? చిన్నప్పుడు మేకలకు ఈ పోచలు కోసి ఏసిందే మేమిద్దరం."

హన్మవ్వ వెనక్కి తిరిగి చూసింది. గుంతల పొడవునా తాను కుప్పలు వేసిన గడ్డి ఎండకు వాడిపోతోంది. అందులోంచి ఒక పోచ తీసి, తెగిన వేరు చూసి, మళ్లీ అక్కడే పెట్టింది. పగిలిన తన కాళ్లు చూసుకుంది; మంచం ఎందుకు మలపమన్నాడో ఇప్పుడు తెలిసింది. తెలిసి చేసేదేమీ లేదు.

లేచి కంప తెచ్చి, మిగిలిన ఆ ఒక్క మొలక చుట్టూ మేకలు రాకుండా పాతింది. చేతిలో ముల్లు దిగితే పళ్లతో లాగేసింది. అప్పుడు లింగయ్య నడుం వైపు చూసింది.

"నీ మోకు ఎట్లున్నది?"

"జర అరిగింది. మొన్నటి సంది పేనుకుందామనే..."

ఆమె మొహం చూసి లింగయ్య మోకు విప్పి చూరు కింద పెట్టి, కొత్తది పేనే నార కోసం ఇంటికి నడిచాడు.