వెన్న తీసిన బండి

ఇందులో ప్రతి అక్షరం నిజం. మా కొట్టంలోని బర్రెలన్నిటి మీదా ఒట్టు. వట్టిపోయినవాటిని కూడా కలుపుకొనే చెబుతున్నాను.

ఎనభైల మధ్యలో సంగతి. కార్వాన్‌లో మా ఇల్లు, ఇంటి వెనక బర్రెల కొట్టం. మా నాన్నను మేం బాపు అనేవాళ్ళం. బాపు వయసంతా సైకిలుకు క్యాన్లు కట్టుకుని, చార్మినార్ దగ్గర ఒక ఇరానీ హోటల్‌కు పాలు పోశాడు. ఆయన మోకాళ్ళు మొరాయించాక ఆ పని నా మీద పడింది. సైకిలు నా వల్ల కాదన్నాను. బండి కొనుక్కో అన్నాడు బాపు. ఆయన మనసులో ఉన్నది బరువులు మోసే పాత బండి. నేను తెచ్చుకున్నది రెండు సిలిండర్ల పరుగు బండి, కుర్రాళ్ళు పందేలకు తిప్పేది. దానికి రెండు పక్కలా ఇనుప కొక్కేలు బిగించి పాల క్యాన్లు వేలాడదీస్తే బస్తీ అంతా నవ్వింది.

ఆ బండి వెనక చక్రానికి అటొకటి, ఇటొకటి స్ప్రింగు. ఒక్కోదాని అడుగున మెట్లు కోసిన రింగు ఉంటుంది. వంకర ముక్కు పానా తగిలించి తిప్పితే, మెట్టు మెట్టుకూ స్ప్రింగు బిగుస్తుంది. నేను రెండింటినీ చివరి మెట్టు దాకా బిగించాను. బరువు మోయాలి కదా అని ఇంట్లో చెప్పాను. అలా బిగిస్తే వెనక భాగం పైకి లేచి, ఆగి ఉన్నా దూకబోతున్నట్టు కనిపిస్తుందని మాత్రం చెప్పలేదు.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక ఉదయం, హోటల్ సేఠ్ నా క్యాన్‌లోని పాలను గుడ్డలో వడపోయించాడు. గుడ్డ మీద పసుపు తెలుపు తునకలు మిగిలాయి. ఒక తునక నిమ్మకాయంత ఉంది. సేఠ్ దాన్ని వేలితో నొక్కి, వాసన చూసి, నా వైపు తిరిగాడు.

"క్యా మియాఁ, ఘర్ మే మస్కా నికాల్ కే లారే క్యా?"

చాయ్ తాగేవాళ్ళు కప్పులు దించారు. ఇంట్లో చిలికి వెన్న తీసుకుని, మిగిలిన పాలు తనకు పోస్తున్నారా అని ఆయన అడిగింది. నేను నోరు తెరిచేలోపే మళ్ళీ అన్నాడు, ఈసారి అందరికీ వినిపించేలా. పహిల్వాన్ ఇంటి పాలని ఇన్నేళ్ళూ వడపోయకుండా పోయించుకున్నాడట. రేపు అందరి ముందూ వడపోస్తాడట. మళ్ళీ వెన్న కనిపిస్తే ఇక నేను ఆ హోటల్ గడప తొక్కేది లేదట. పహిల్వాన్ అంటే మా బాపు. ఆ చుట్టుపక్కల అందరూ ఆయన్ని అలాగే పిలిచేవాళ్ళు.

ఆ గుడ్డ తెచ్చి బాపు చేతిలో పెట్టాను. ఆయన అరవలేదు. తునకను వేళ్ళ మధ్య నలిపి చూశాడు.

"గిది చేత్తోని చిలికిన వెన్న గాదు. నీళ్ళు తగలనే లేదు దీనికి." ఆయన చూపు నెమ్మదిగా నా బండి మీదికి వెళ్ళింది. "అరేయ్, నువ్వు పాలు మోస్తున్నవా, కవ్వం తిప్పుతున్నవా?"

"రోడ్డు మంచిగ లేదు బాపు."

"నేను తొక్కింది గా రోడ్డు మీదనే గదరా. రేపు నేనొస్త నీతోని. గా హోటల్ల నన్ను దొంగ అంటే, నీ బండిని మూసీల పడేసి, ఎన్కనే నిన్ను గూడ పడేస్త."

గుడ్డను కొట్టంలో మేకుకు తగిలించి లోపలికి వెళ్ళిపోయాడు. ఆ పూట అన్నం తినలేదు. కల్తీ పాలు పోశాడన్న మాట ఆయన ఎన్నడూ పడలేదు. నాకు ఒక్క పగలే ఉంది.

బండిని పురానాపూల్ వంతెన అవతల ఉస్తాద్ దగ్గరికి తోలుకెళ్ళాను. పందేల బండ్లన్నీ మరమ్మతుకు ఆయన దగ్గరికే వచ్చేవి. కూర్చున్న చోటు నుంచి లేవకుండానే తీర్పు చెప్పేశాడు.

"గింతేనా? మొదటి మెట్టుకు దింపు భాయ్. పరుపు మీద పోయినట్టు పోతది. ఫికర్ జేయకు."

దించాను. క్యాన్లలో నీళ్ళు నింపుకుని వంతెన దాకా వెళ్ళాను. మొదటి గుంటలోనే వెనక చక్రం మడ్గార్డుకు తగిలి, నడుములో బర్రె తన్నినట్టయింది. వెనక్కి వచ్చి చూస్తే, పెద్ద క్యాన్ ఉన్న ఎడమ పక్కే ఎక్కువ కుంగింది. పెద్దది హోటల్‌కు, కుడి పక్క చిన్నది ఇళ్ళకు.

అప్పుడు నాకు మా తాత కావడి గుర్తొచ్చింది. బరువెక్కువున్న వైపు భుజం బిగబట్టాలని ఆయన చెప్పేవాడు. ఇంకేం, ఎడమ స్ప్రింగును నాలుగో మెట్టుకు, కుడిదాన్ని రెండో మెట్టుకు బిగించాను.

ఉస్తాద్ ఈసారి లేచి నిలబడ్డాడు. "ఏంది భాయ్ గిది? బండికి భుజాలుంటయా? రెండు దిక్కుల సమానం పెట్టు!"

"బరువు సమానం లేదు గద ఉస్తాద్."

"నీ బండి, నీ పానం. నాకేంది."

వంతెన దిగే చోట బండి తనంతట తానే పక్కకు లాగింది. హ్యాండిల్ ఎంత తిప్పినా గోడ దగ్గరికే వస్తోంది. కాళ్ళు రెండూ నేలకు ఆనించి, చెప్పులు అరిగేలా ఈడ్చి ఆపాను. గోడకూ నా మోకాలికీ మధ్య చెయ్యి పట్టేంత సందు కూడా లేదు. నీళ్ళన్నీ నా ఒంటి మీదే.

ఇళ్ళ పాలకు ఇంకోసారి తిరగొచ్చని, ఇంటికొచ్చి చిన్న క్యాన్ తీసేశాను. రెండు పక్కలా ఒకే సైజువి తగిలించి, రెండు స్ప్రింగులనూ మధ్య మెట్టులో పెట్టాను. బండి నిటారుగా నడిచింది. నీళ్ళు మాత్రం లోపల ఇంకా డబడబలాడుతూనే ఉన్నాయి. అదెందుకో అర్థం కాలేదు.

తెల్లవారి పాలు పోసేటప్పుడు బాపు క్యాన్‌ను ఊపి, చెవి ఆనించి విన్నాడు. మా ఇంట్లో క్యాన్ ఎప్పుడూ మెడ దాకా నింపరు. జానెడు ఖాళీ వదిలి, మూతి దగ్గర గడ్డి కుక్కుతారు. సైకిలు ఊపుకు పాలు ఒలకకుండా బాపు నేర్పిన పద్ధతే అది. ఆయన గడ్డి తీసి అవతల పారేశాడు.

"గీ ఖాళీలనే చిలుకుతున్నయి," అంటూ రెండు క్యాన్లనూ అంచు దాకా నింపి, మూతులు తడిగుడ్డతో బిగించాడు. తర్వాత ధోవతి ఎగగట్టి నా వెనక ఎక్కాడు. ఆయన ఎక్కగానే బండి కిందికి కుంగింది. మధ్య మెట్టు లెక్క నా ఒక్కడి బరువుకు చూసుకున్నది.

"బాపు, జర దిగు. ఇంకో మెట్టు బిగిస్త."

"పాలు ఇరిగినంక బిగిస్తవా? నడువ్!"

పురానాపూల్ ఎక్కేసరికి మడ్గార్డు టైరును రాస్తున్న చప్పుడు మొదలైంది. బాపు రెండు చేతులతో రెండు మూతులూ పట్టుకుని ఉన్నాడు.

"సప్పుడొస్తుంది."

"ఇంటున్న."

"ఇని ఏం జేస్తున్నవ్ మరి?"

ఆపాను. వంతెన మీద, వెనక వచ్చే ఆటోలు హారన్లు కొడుతుండగా, పానా తగిలించాను. చెమటకు చెయ్యి జారింది. ఎడమది తిరిగింది. కుడిది మొండికేసింది. నిన్న ఒక పక్క ఎక్కువైతే ఏమైందో నా మోకాలికి గుర్తుంది. కాలితో పానాను తొక్కాను. టక్కుమని మెట్టు మారింది. బాపు ఊపిరి వదలడం నాకు వినిపించింది.

హుస్సేనీ ఆలం దాటాక అసలు పరీక్ష. నల్లా పైపుల కోసం తవ్విన రోడ్డు, పైకి తేలిన రాళ్ళు, సగం పూడ్చిన గుంటలు. పాలను చిలికింది అదే. నేను గేరు తగ్గించాను, పిర్రలు కొంచెం లేపాను, బండిని వదిలేశాను. స్ప్రింగులు కుంగుతూ లేస్తూ ఒక్కో గుంటనూ మింగేశాయి. మూసీలో పడవ తేలినట్టు తేలిపోయాం. ఒక్క చుక్క కదిలిన చప్పుడు లేదు.

హోటల్ ముందు సేఠ్ గుడ్డ పట్టుకునే నిలబడ్డాడు. బాపును చూసి సలామ్ చేశాడు గానీ గుడ్డ దించలేదు. చాయ్ తాగేవాళ్ళు చుట్టూ చేరారు. పాలు పోస్తుంటే బాపు గుడ్డ వైపు చూడలేదు, సేఠ్ ముఖమే చూస్తున్నాడు. క్యాన్ ఖాళీ అయింది. సేఠ్ గుడ్డను వెలుతురుకు పట్టుకున్నాడు. తడి తప్ప ఏమీ లేదు. రెండో క్యాన్ కూడా పోయించాడు. ఏమీ లేదు. పాలు కాగాక గరిటెతో మీగడ తీస్తే, అది గరిటెను వదల్లేదు.

"మాఫ్ కరో, పహిల్వాన్," అన్నాడు సేఠ్, నిన్న ఎంత గట్టిగా అన్నాడో అంత గట్టిగా.

బాపు తల ఊపి, "చాయ్ తాపియ్యి," అన్నాడు.

ఇక నా ఒట్టు సంగతి. నిమ్మకాయంత తునక అబద్ధమని మీరు ఎప్పుడో అనుకునే ఉంటారు. అది నిజమే, కావాలంటే ఒట్టు మళ్ళీ వేస్తాను. అబద్ధం ఆ పడవ. ఆ తవ్విన రోడ్డు మొదట్లోనే బాపు నా వీపు మీద కొట్టి, "దిగు," అన్నాడు. ఇంజన్ ఆపేశాం. నేను ముందు హ్యాండిల్ పట్టుకుని, ఆయన వెనక సీటు పట్టుకుని, ఈననున్న బర్రెను నడిపించినట్టు గుంట గుంటకూ ఆగుతూ ఆ పరుగు బండిని తోసుకెళ్ళాం. హోటల్ మలుపుకు ఇవతల ఆయన కాళ్ళ మట్టి దులుపుకుని ఎక్కి కూర్చున్నాడు.

"ఇగ స్టార్ట్ జెయ్యి. మస్తు సప్పుడు రావాలె."

ఆ రోడ్డు పూడ్చేదాకా, మోకాళ్ళ నొప్పితోనే, రోజూ నాతో వచ్చాడు.