అనుమతి వచ్చిన ఏడాది

మా విశ్వవిద్యాలయం కొత్త ఫార్మసీ కళాశాలను భద్రాచలం దారిలో, అడవి అంచున పెట్టి, పాఠాలు చెప్పడానికి నన్ను అక్కడ వేసిందని తెలిసినప్పుడు ఖమ్మంలో మా ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. నాకది మొదటి ఉద్యోగం. వెళ్లాను.

కళాశాల అంటే మూతపడ్డ ఒక పాత హాస్టలు. వంటగదిని ప్రయోగశాల చేశాం. ఒకప్పుడు పొయ్యిలున్న గట్ల మీదే బీకర్లు పెట్టాం. పైకప్పుకు పట్టిన మసి ఎంత తోమినా పోలేదు. నీళ్ల ట్యాంకరు వస్తే పాఠం ఆపి, బిందెలు పట్టుకుని అందరం పరుగెత్తేవాళ్లం. వెనక గదుల్లో ఆడపిల్లలతో పాటు నేనూ ఉండేదాన్ని.

మొదటి బ్యాచిలో ఒక కోయ అమ్మాయి ఉండేది. వాళ్ల గూడెంలో ఇంటర్ పాసైన మొదటి ఆడపిల్ల. తక్కువ మాట్లాడేది. నవ్వితే మాత్రం పక్కగదికి వినిపించేది.

వానాకాలంలో ఢిల్లీ నుంచి తనిఖీ బృందం వస్తోందని కబురొచ్చింది. వాళ్లు సరేనంటేనే కళాశాలకు అనుమతి, పిల్లల డిగ్రీకి విలువ. వాళ్లు వచ్చే రోజు ఉదయం ఆ అమ్మాయి దుప్పటి ముసుగులో వణుకుతోంది. నుదురు కాలిపోతోంది.

"చలి పెడ్తంది మేడం. తగ్గుద్దిలే," అంది.

జీపు కావాలని ప్రిన్సిపాల్ గదికి పరుగెత్తాను. ఆయన చెడ్డవాడు కాదు. ఈ కళాశాల కోసం ఆఫీసుల చుట్టూ తిరిగి అలిసిపోయిన మనిషి.

"జీపు తనిఖీవాళ్లను తీసుకురావడానికి పోయింది, ఇవాళంతా వాళ్లకే. సాయంత్రం దాకా ఓర్చుకోమనండి. ఏదన్నా మాత్ర ఇయ్యండి."

"మన దగ్గర ఏముంది సార్?"

ఆయన తనిఖీ ఫైళ్లు సర్దుకోసాగాడు.

మధ్యాహ్నం తనిఖీ నడుస్తుండగా ఆ అమ్మాయి కోయలో ఏదో పలవరించసాగింది. నన్ను గుర్తుపట్టలేదు. నేనిక ఎవరినీ అడగలేదు. నేనూ, ఆమె గదిలో ఉండే ఇంకో అమ్మాయీ చెరో వైపు పట్టుకుని రోడ్డు మీదికి తెచ్చాం. వెదురు లోడుతో పోతున్న లారీని ఆపాం.

"అయ్యో, జల్దీ ఎక్కుండ్రి," అన్నాడు డ్రైవరు.

దారిలో వాగు పొంగింది. నీళ్లు తగ్గేదాకా ఇవతలి ఒడ్డునే ఆగిపోయాం. భద్రాచలం దవాఖానాకు చేరేసరికి మలేరియా మెదడుకెక్కిందన్నారు. తెల్లవారేసరికి ప్రాణం పోయింది.

తండ్రి వచ్చాడు. కూతురి కాళ్ల మీద దుప్పటి సరిచేసి నా వైపు తిరిగాడు.

"మందుల కాలేజీ అన్నరు గద మేడం. జరానికి మందు లేకపాయెనా?"

"లేదు," అన్నాను.

కళాశాలకు అనుమతి వచ్చింది. ప్రిన్సిపాల్ స్వీట్లు తెప్పించాడు కానీ పంచమని ఎవరికీ చెప్పలేకపోయాడు. అవి ఆయన గదిలోనే పాడైపోయాయి. ఆ తర్వాత ఒక గది ఖాళీ చేయించి, జ్వరం మందులు పెట్టించాడు. పక్క ఊరి నర్సు వచ్చి రక్తపరీక్షలు చేసేలా మాట్లాడాడు.

మరుసటి ఏడు నేనూ ప్రిన్సిపాలూ గూడేలకు వెళ్లాం, పిల్లల్ని పంపమని అడగడానికి. ఒక తల్లి మంచం వాల్చి నీళ్లిచ్చింది.

"ఇప్పుడు మందులన్నీ తెచ్చి పెట్టినం అమ్మా," అన్నాడు ప్రిన్సిపాల్.

"అవ్ సారూ, మంచిగైంది," అందామె. "మా పిల్లను మాత్రం పంపం."

ఆ ఏడు ఆ గూడేల నుంచి ఎవరూ చేరలేదు. ఆ రోజు తిరిగి వస్తుంటే ఆయన జీపు ఆపించి, దిగి, అడవి వైపు తిరిగి చాలాసేపు నిలబడ్డాడు. నేను దిగలేదు.